చెంబెడు నీళ్లు చాలు

మదనపల్లె టమోటా మార్కెట్లో సీజన్ నడిచే రోజుల్లో హమాలీ లుంగీ అసలు రంగేమిటో మధ్యాహ్నానికి చెప్పలేం. చితికిన కాయల రసం, క్రేట్లకు అంటిన మట్టి, లారీల దుమ్ము, ఆ పైన చెమట. ఆ బట్టలతో ఉండగానే జొహర్ (మధ్యాహ్నం) నమాజు వేళవుతుంది. ఇంటికెళ్లి మార్చుకొచ్చేంత తీరిక ఉండదు. ఈ బట్టలతో నమాజు అవుతుందా అని అడిగితే మసీదులో హజ్రత్ చెప్పే జవాబు ఒకటే: అవుతుంది, వజూ (నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవడం) చేసుకుని వచ్చి వరుసలో నిలబడు. అదే, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో వచ్చిన మనిషి బట్టకు మూత్రం అంటి ఉంటే, చూసేవాళ్లకు మరక కనిపించకపోయినా సరే, కడుక్కొచ్చేదాకా ఆ బట్ట నమాజుకు పనికిరాదు.

ఈ రెండు జవాబుల మధ్య తేడా పట్టుబడితే ఇస్లాంలో శుద్ధి అనే విషయం చాలావరకు అర్థమైనట్టే. మట్టి, చెమట, నూనె, కాయల రసం ఇవన్నీ మాపు. మాపు వదిలించుకోవడం మంచి అలవాటు, మతం దాన్ని గట్టిగానే కోరుతుంది. అయినా అది ఆరాధనకు అడ్డు రాదు. అడ్డు వచ్చేవాటి జాబితా విడిగా ఉంది. మూత్రం, మలం, ఒంట్లోంచి కారిన రక్తం, చీము, సారా, పంది, చచ్చిన జంతువు కళేబరం వంటివాటిని నజాసత్ అంటారు. మన ఊళ్ల ఉర్దూలో పాక్, నాపాక్ అనే మాటలు ఈ జాబితాను బట్టే నడుస్తాయి. విశ్వాసంలో సగం పాలు శుద్ధిదేనని ప్రవక్త ముహమ్మద్ (స) చెప్పినట్టు ఆయన మాటలూ చేతలూ నమోదైన హదీసు గ్రంథం సహీహ్ ముస్లింలో ఉంది. ధర్మశాస్త్రం (ఫిఖహ్) పుస్తకం దాదాపు ఏది తెరిచినా మొదటి అధ్యాయం నమాజు గురించి ఉండదు, తహారత్ గురించి ఉంటుంది. అంటే శుద్ధి గురించి.

పుంగనూరు వైపు వెళ్తే ఈ జాబితాలో ఇంకో సూక్ష్మం కనిపిస్తుంది. ఆ ఊరి పేరు చెబితే పొట్టి ఆవు గుర్తొస్తుంది. ఆవులు మేపేవాళ్లలో, పాలు పితికేవాళ్లలో ముస్లింలూ ఉన్నారు. పాలు పితుకుతుండగా ఆవు మూత్రం పోస్తే చింది బట్టల మీద పడకుండా ఉండదు. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ధర్మశాస్త్రం ఇక్కడ నజాసత్‌ను రెండుగా విడదీసింది. మనిషి మూత్రం, కారిన రక్తం బరువైనవి. అరచేతి గుంట పాటి వైశాల్యం దాటితే ఆ బట్టతో నమాజు చెల్లదు. తినదగిన జంతువుల మూత్రం తేలికైనది. బట్టలో నాలుగో వంతుకన్నా తక్కువ మేర అంటితే నమాజు చెల్లుతుంది. కడుక్కునే వీలుంటే కడుక్కోవడమే మేలని చెబుతూనే, పశువుల మధ్య బతికేవాడు గడియకోసారి బట్టలు మార్చలేడని గుర్తించారు. వానాకాలంలో వీధి బురద చిందితే దానికీ ఇలాంటి సడలింపే. పిల్లి మూతి పెట్టిన నీళ్ల గురించి అడిగినప్పుడు, అవి మీ చుట్టూ తిరిగే ప్రాణులేనన్న కారణం చూపి ప్రవక్త వాటిని నాపాక్ జాబితాలో చేర్చలేదు. జాగ్రత్త పడటం ఎక్కడ మనిషి వల్ల కాదో అక్కడ నియమమే దిగివస్తుంది. తహారత్ అధ్యాయం పొడుగునా ఈ ధోరణి ఉంది.

ఇక్కడ పక్కపక్క ఇళ్ల మధ్య ఒక తేడా ఉంది, దాన్ని దాచిపెట్టి రాయడం నాకు ఇష్టం లేదు. హిందువుల ముంగిట పేడనీళ్ల కళ్లాపి శుద్ధికి గుర్తు. హనఫీ ధర్మంలో పేడ కడుక్కోవలసిన వస్తువు. ఒకరు శుద్ధి కోసం చల్లేదాన్ని ఇంకొకరు నమాజుకు ముందు కాలి మీద నుంచి కడిగేస్తారు. అయినా మన ఊళ్లలో ఈ రెండు రకాల ఇళ్లు ఒకే వీధిలో తరతరాలుగా ఉన్నాయి. దానికి ధర్మశాస్త్రమూ కొంత తోడ్పడింది. నేల ఎండకు ఎండిపోయి మరకా వాసనా మిగలకపోతే ఆ నేల మీద నమాజు చేసుకోవచ్చని హనఫీ పండితులు తేల్చారు. పైన శుభ్రమైన చాప పరుచుకుంటే ఆ ప్రశ్నే ఉండదు. ఏది శుద్ధి అనే విషయంలో పొరుగువాళ్లు ఒకేలా ఆలోచించాలన్న షరతు లేకుండానే కలిసి బతకడం కుదిరింది.

మదీనా మసీదులో జరిగిన ఒక సంగతి హదీసుల్లో ప్రసిద్ధం. ఎడారి నుంచి వచ్చిన ఒక మోటు మనిషి మసీదులోనే ఒక మూల మూత్రానికి కూర్చున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు కోపంతో మీదికి లేచారు. ప్రవక్త వాళ్లను ఆపారు. అతని పని పూర్తి కానిచ్చి, ఆ చోట ఒక బొక్కెనెడు నీళ్లు పోయమన్నారు. తరవాత అతన్ని పిలిచి మసీదు ఎందుకోసమో మెల్లగా చెప్పారు. తిట్లు లేవు, జరిమానా లేదు, వెలివేత లేదు. నేల మీద పడినదానికి ఒక బొక్కెన నీళ్లు, మనిషికి నాలుగు మంచి మాటలు, అంతే.

నజాసత్ వస్తువుకు సంబంధించింది. మనిషి స్థితికి సంబంధించింది వేరే ఉంది, దాన్ని హదస్ అంటారు. మలమూత్రాలకు వెళ్లినా, గాలి పోయినా, ఆనుకుని నిద్రపోయినా, హనఫీల లెక్కలో రక్తం కారినా వజూ పోతుంది. ఒంటికి ఏ మురికీ అంటకపోయినా పోతుంది. మళ్లీ చేసుకుంటే వస్తుంది. హనఫీ పద్ధతిలో వజూకు తప్పనిసరి పనులు నాలుగే: ముఖం కడగడం, మోచేతులతో సహా చేతులు కడగడం, తలలో కనీసం నాలుగో వంతు తడిచేత్తో తుడవడం, చీలమండలతో సహా పాదాలు కడగడం. ఖురాన్ అయిదో అధ్యాయం అల్ మాయిదా ఆరో వాక్యంలో ఈ క్రమం ఉంది. నోరు పుక్కిలించడం, ముక్కులో నీళ్లు ఎక్కించి చీదడం, ప్రతి అవయవాన్నీ మూడుసార్లు కడగడం ప్రవక్త ఆచారం. దాంపత్యం తరవాత, స్వప్నస్ఖలనం తరవాత, స్త్రీలకు బహిష్టు ఆగిన తరవాత, పురిటి రక్తం ఆగిన తరవాత పూర్తి స్నానం కావాలి. దాన్ని గుసుల్ అంటారు. నోరు పుక్కిలించి, ముక్కు శుభ్రం చేసుకుని, ఒంట్లో వెంట్రుక మొదలంత చోటు కూడా పొడిగా మిగలకుండా నీళ్లు పోసుకుంటే గుసుల్ అయినట్టు. గోళ్ల రంగు కింద, బిగుతు ఉంగరం కింద నీరు చేరకపోతే లెక్క పూర్తి కాదు.

గుసుల్ అవసరమైన మనిషిని ఇతరులు ఎలా చూడాలి అన్న ప్రశ్న మన సమాజంలో చాలా బరువైనది. ఎవరి నీడ పడితే ఎవరు మైలపడతారో, ఎవరు ఏ బావి దగ్గరికి రాకూడదో శాసించిన నేల ఇది. దానికి ఇస్లాం ఇచ్చిన జవాబు ప్రవక్త సహచరుడు అబూ హురైరా అనుభవంలో దొరుకుతుంది. ఆయన మదీనా వీధిలో ప్రవక్తకు ఎదురుపడ్డారు. అప్పటికి ఆయనకు గుసుల్ బాకీ ఉంది. ఆ స్థితిలో ప్రవక్త పక్కన కూర్చోవడమేమిటని మెల్లగా తప్పుకుని, స్నానం చేసి తిరిగొచ్చారు. ఎక్కడికెళ్లావని ప్రవక్త అడిగితే ఉన్న మాట చెప్పారు. ప్రవక్త ఆశ్చర్యపోయారు. విశ్వాసి ఎప్పుడూ నాపాక్ కాడని చెప్పారు. ఆ స్థితి ఆ మనిషికీ నమాజుకూ మధ్యనే. అతను కరచాలనం చేయొచ్చు, వండొచ్చు, వడ్డించొచ్చు. అతని చెమటా ఎంగిలీ పాక్. ముస్లిమేతరుల ఎంగిలి కూడా పాకేనని హనఫీ పండితుల నిర్ణయం. తన శుద్ధి ఇంకొకరి స్పర్శతో పోయే నిధి అని ఇస్లాం ఎవరికీ చెప్పలేదు.

బహిష్టు విషయంలో ఇది ఇంకా స్పష్టం. ఆ రోజుల్లో స్త్రీకి నమాజు మాఫీ. తరవాత తిరిగి చెల్లించనక్కర్లేదు. రోజాలు (ఉపవాసాలు) మాత్రం తరవాత పూర్తి చేసుకోవాలి. దాంపత్యం కూడదు. ఇంట్లో మనుషుల మధ్య ఇంతకు మించి దూరం లేదు. ప్రవక్త భార్య ఆయిషా (ర) బహిష్టులో ఉన్నప్పుడు ప్రవక్త ఆమె ఒడిలో తల పెట్టుకుని ఖురాన్ పఠించేవారు. ఆమె తాగిన గిన్నెలో, ఆమె పెదవులు ఆనిన చోటే పెదవులు ఆనించి తాగేవారు. మసీదు నుంచి చాప అందివ్వమంటే ఆమె సందేహించారు. బహిష్టు నీ చేతిలో లేదు కదా అన్న అర్థంలో ఆయన జవాబిచ్చారు. ఈ హదీసులు తెలిసి కూడా ఇంట్లో ఆడపిల్లను ఆ మూడు రోజులు మూలన కూర్చోబెట్టే ముస్లిం ఇళ్లు మన పక్కనే కనబడతాయి. అది చుట్టూ ఉన్న సమాజం నుంచి వచ్చిన అలవాటే, ధర్మం నుంచి వచ్చింది కాదు. ఈ మాట శుక్రవారం జుమా ప్రసంగాల్లో గట్టిగా వినిపించాలి.

ఇక నీళ్ల సంగతి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పేర్లు వింటే నాకు ముందు గుర్తొచ్చేది నీటి ఎద్దడే. వెయ్యి అడుగులు దాటినా తడి తగలని బోర్లు, వీధి మలుపులో ట్యాంకర్ కోసం బిందెల వరస. శ్రీశైలం వెనుక జలాలు హంద్రీ నీవా కాలువలో వందల కిలోమీటర్లు ఎత్తిపోతలతో వస్తే తప్ప గతి లేని ప్రాంతం. కుప్పం బ్రాంచి కాలువ చివర పరమసముద్రం చెరువు దగ్గర 2025 ఆగస్టు 30న కృష్ణా నీటికి ముఖ్యమంత్రి జలహారతి ఇచ్చారంటే, ఈ నేల నీళ్ల కోసం ఎంతగా ఎదురు చూసిందో తెలుస్తుంది. ఇలాంటి చోట రోజుకు అయిదుసార్లు కాళ్లూ చేతులూ కడగమనే మతం నీటిని వృథా చేయించదా అని అడిగేవాళ్లు ఉన్నారు. న్యాయమైన ప్రశ్న.

ఇస్లాం పుట్టింది మన సీమకన్నా ఎండిన నేల మీద. ప్రవక్త వజూకు వాడిన నీళ్లు ఒక ‘ముద్’ అని బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. అది దోసెడు పట్టే కొలత. పండితుల లెక్కల్లో తేడాలున్నా రమారమి లీటరుకు మించదు. గుసుల్‌కు ‘సాఅ’ నుంచి అయిదు ముద్‌ల దాకా. సాఅ అంటే నాలుగు ముద్‌లు. ఎటు చూసినా అర బకెట్టు లోపలే. ఈ నీళ్లు నాకు చాలవని ఒకాయన అంటే, నీకన్నా ఒత్తయిన జుట్టు ఉన్నవారికీ, నీకన్నా ఉత్తములకూ ఇవి చాలాయని సహచరుడు జాబిర్ జవాబిచ్చారు. పారే నది ఒడ్డున కూర్చుని వజూ చేసినా దుబారా దుబారాయేనని ప్రవక్త సహచరుడు సఅద్‌తో అన్నట్టు ఇబ్నె మాజా గ్రంథంలో ఇంకో హదీసు ఉంది. దాని సనదు (చెప్పినవాళ్ల పరంపర) మీద పండితుల్లో చర్చ ఉన్నా, ఒక్కో అవయవాన్ని మూడుసార్లకు మించి కడగడం హద్దు మీరడమేనన్న నియమం మీద తగువు లేదు. అంటే శుద్ధికి కొలత ఉంది. కొలత దాటితే శుద్ధి పెరగదు, తప్పు పెరుగుతుంది. చెవీ మోచెయ్యీ తడిసిందా లేదా అని మళ్లీ మళ్లీ కడిగే మనోవ్యాధిని పండితులు వస్వాస్ అన్నారు. అది షైతాను పెట్టే సందేహమని చెప్పి, పట్టించుకోవద్దన్నారు.

పాత మసీదుల్లో నడిమధ్య కనిపించే హౌజ్ ఈ కొలతకు కట్టిన రూపం. పదిమూరల పొడవు, పదిమూరల వెడల్పు ఉన్న తొట్టిని హనఫీలు పారే నీటితో సమానంగా లెక్కిస్తారు. అడుగుల్లో చెబితే రమారమి పదిహేనుకు పదిహేను. అందులో ఏ కాస్త మలినం పడినా రంగు, రుచి, వాసన మారనంతవరకు నీళ్లు పాకే. గట్టున కూర్చుని బద్నాతోనో దోసిలితోనో తీసుకుని వజూ చేసుకునేవారు. బద్నా అంటే ముక్కున్న చెంబు. దాని ముక్కులోంచి సన్నటి ధారే వస్తుంది, కావాలన్నా ఎక్కువ పోయలేం. ఇప్పుడు హౌజ్ స్థానంలో కుళాయిల వరస వచ్చింది. తల తుడుచుకుంటున్నంతసేపూ, నోట్లో నీళ్లు పుక్కిలిస్తున్నంతసేపూ కుళాయి కారుతూనే ఉంటుంది. రోజుకు అయిదు పూటలా రెండువందలమంది చొప్పున వచ్చే మసీదు అనుకోండి. ఒక్కొక్కరు నాలుగు లీటర్లు పోస్తే రోజుకు నాలుగువేల లీటర్లు. లీటరుతో ముగిస్తే వెయ్యి. మిగిలిన మూడువేలు వేసవిలో ఒక వీధికి తాగునీరు. నీటి ధార సన్నగా వచ్చే కుళాయిలు బిగించడానికి ఫత్వా అవసరం లేదు.

వజూ చేయగా కింద పడిన నీటిని ఏం చేయాలన్నదీ తేలిన విషయమే. ఆ నీళ్లతో ఇంకోసారి వజూ కుదరదు, కానీ అవి నాపాక్ కావు. చెట్లకు పారించొచ్చు, మరుగుదొడ్లకు వాడొచ్చు, ఇంకుడు గుంతలోకి మళ్లించొచ్చు. వజూఖానా మురుగునూ మరుగుదొడ్డి మురుగునూ ఒకే కాలువలో కలిపేసే కట్టడాలు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. అక్కడ పాక్ నీళ్లు పనిగట్టుకుని నాపాక్ అవుతున్నాయి. కొత్తగా కట్టే మసీదుల ప్లాన్లలోనైనా ఈ రెండు గొట్టాలూ వేరుగా ఉండాలి.

నీళ్లే దొరకకపోతే? ఒక ప్రయాణంలో ఆయిషా హారం పోయింది. దాన్ని వెతకడం కోసం దండు మొత్తం నీళ్లు లేని చోట రాత్రి ఆగిపోయింది. తెల్లారి నమాజు వేళకు వజూకు నీళ్లు లేవు. ఆ సందర్భంలోనే తయమ్ముమ్ ఆజ్ఞ వచ్చింది. సంకల్పం చెప్పుకుని, శుభ్రమైన మట్టి మీద రెండు అరచేతులూ ఆనించి ముఖం తుడుచుకోవాలి. మళ్లీ ఆనించి మోచేతులదాకా తుడుచుకోవాలి. నీళ్లు మైలు దూరం లోపల లేకపోయినా, తగిలితే జబ్బు ముదురుతుందన్నా, ఉన్న నీళ్లు తాగడానికే సరిపోతాయన్నా ఇది చాలు. ఒకసారి అమ్మార్ అనే సహచరుడు గుసుల్‌కు నీళ్లు లేక, పశువు పొర్లినట్టు మట్టిలో పొర్లి వచ్చారు. ప్రవక్త చేతులు నేలకు తాకించి ముఖమూ చేతులూ తుడుచుకుని, ఇంత చేస్తే సరిపోయేదని చూపించారు.

ఈ కాలంలో వజూ గురించి రాసేవాళ్లు సూక్ష్మక్రిములు, రక్తప్రసరణ అంటూ సైన్సుతో సమర్థించబోతారు. చేతులూ నోరూ ముక్కూ పూటపూటకూ కడుక్కోవడం ఆరోగ్యానికి మంచిదే. అయితే శుద్ధి మొత్తం అందుకే అనుకుంటే తయమ్ముమ్‌కు అర్థం లేకుండా పోతుంది. మట్టి ముట్టిన చేత్తో ముఖం తుడుచుకుంటే ఏ క్రిమీ చావదు. అక్కడ మనిషి చేస్తున్నది దేవుడి ముందు నిలబడటానికి తయారు కావడం. ఆ తయారీకి రోజూ నీటిని సాధనం చేయడం వల్ల ఒంటికి కలిగే మేలు అదనపు లాభం. ఈ రెంటినీ కలగాపులగం చేయకపోతేనే రెంటికీ గౌరవం.

అసలు ఒంటి శుభ్రత కోసమే చెప్పినవి వేరే ఉన్నాయి. గోళ్లు, మీసాలు, చంకల వెంట్రుకలు, కటిభాగం వెంట్రుకలు నలభై రోజులు దాటనివ్వకూడదు. ఇవి సున్తీతో కలిసి ఫిత్రత్ లెక్కలోకి వస్తాయి, అంటే మనిషి సహజ గుణాలు. నిద్ర లేవగానే చేతులు కడగకుండా నీళ్ల పాత్రలో పెట్టకూడదు. రాత్రి పాత్రల మీద మూత పెట్టాలి. పళ్లు మిస్వాక్‌తో తోమాలి. పీలూ పుల్ల దొరకని మన పల్లెల్లో వేపపుల్లా కానుగపుల్లా ఆ పని చేశాయి. జుమా రోజు స్నానం వెనక కూడా శ్రమజీవుల కథే ఉంది. మదీనా శివార్లలో పొలాల పని చేసేవాళ్లు దుమ్ముతో, చెమటతో నేరుగా వచ్చి మసీదులో కూర్చునేవారు. ఈ రోజుకైనా స్నానం చేసి వస్తే బాగుండునని ప్రవక్త అన్నారని ఆయిషా చెప్పారు. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిని ఆ వాసనతో మసీదుకు రావద్దన్నారు. పక్కవాడికి ఇబ్బంది అన్నదే కారణం. బీడీ వాసనకూ ఇదే వర్తిస్తుందని వేరే చెప్పనక్కర్లేదు. మసీదు గోడ మీద ఎవరో ఉమ్మిన ఉమ్మిని ప్రవక్త తన చేత్తోనే గీకి శుభ్రం చేసిన సంగతి హదీసుల్లో ఉంది. తుమ్ము వస్తే చేతినో గుడ్డనో ముఖానికి అడ్డం పెట్టుకునేవారు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915 నుంచి క్షయ రోగులకు వైద్యం చేసిన శానిటోరియం ఉంది. ఎక్కడపడితే అక్కడ ఉమ్మడం, మూతికి అడ్డం పెట్టకుండా దగ్గడం ఎంత ప్రమాదమో వందేళ్లుగా చూసిన ప్రాంతం అది. అక్కడివాళ్లకు ఈ హదీసుల విలువ వివరించాల్సిన పని లేదు.

ప్రవక్త ఒకసారి రెండు సమాధుల పక్కగా వెళ్తూ, లోపలివాళ్లు శిక్ష అనుభవిస్తున్నారని చెప్పారు. ఒకడు మూత్రం తుంపరల నుంచి జాగ్రత్తపడనివాడు. రెండోవాడు ఇటు మాటలు అటు మోసి తగవులు పెట్టేవాడు. ఒంటి మురికినీ నోటి మురికినీ పక్కపక్కనే పెట్టిన ఈ హదీసు నాకు చాలా ఇష్టం.

చనిపోయిన మనిషికీ గుసుల్ ఉంది. రేగాకులు వేసి కాచిన నీళ్లతో, చివరిసారి కర్పూరం కలిపి, బేసి సంఖ్యలో కడుగుతారు. ఇది బతికున్నవాళ్ల మీద ఉన్న సామూహిక బాధ్యత, కొందరు చేస్తే అందరి బాకీ తీరుతుంది. 2020లో కోవిడ్ మృతదేహాలకు స్నానం చేయించవద్దని ప్రభుత్వ నియమాలు వచ్చినప్పుడు చాలా కుటుంబాలు తల్లడిల్లాయి. కొందరు పండితులు సంచీ పైనుంచే తయమ్ముమ్ చేయించడానికి అనుమతించారు. ఆ ఏడాది జూన్ 8న మసీదులు తిరిగి తెరిచినప్పుడు వజూ ఇంట్లోనే చేసుకుని రమ్మన్నారు. అది కొత్త మాటేమీ కాదు. ఇంట్లో వజూ చేసుకుని నడిచి వచ్చేవాడికి అడుగడుగుకూ పుణ్యమని హదీసులు ముందునుంచీ చెబుతున్నవే.

ఇంతవరకు చెప్పింది మనిషి తనను తాను కడుక్కోవడం గురించి. కడిగిన మురికి ఎటు పోతుందన్నది కుప్పం వైపు పోతే ఎదురయ్యే ప్రశ్న. నీటి వనరుల దగ్గర, జనం నడిచే దారిలో, నీడలో మలవిసర్జన చేయడాన్ని ప్రవక్త శాపానికి గురిచేసే పనులుగా చెప్పారు. నిలవ నీటిలో మూత్రం పోయకూడదన్నారు. దారిలో ముల్లు తీసేయడం కూడా విశ్వాసంలో ఒక శాఖ. శుద్ధి నీ ఒంటి దగ్గర ఆగదు, పదిమంది వాడే నీళ్లదాకా, నీడదాకా వెళ్తుందని ఈ నియమాల భావం.

పాలారు నది నంది కొండల దగ్గర పుట్టి, కోలారు జిల్లా దాటి, కుప్పం ప్రాంతంలో 33 కిలోమీటర్లు నడిచి తమిళనాడులో అడుగుపెడుతుంది. అక్కడినుంచి వాణియంబాడి, ఆంబూరు. తోలు పరిశ్రమకు దేశమంతటా పేరున్న ఊళ్లు. అక్కడి తోలు వ్యాపారంలో ముస్లింలది పెద్ద పాత్ర. కుప్పం నుంచి రైలెక్కితే కాసేపట్లో చేరే ఊళ్లు కాబట్టి సంబంధాలూ చుట్టరికాలూ ఇటూ అటూ ఉన్నాయి. తోలు విషయంలో ఇస్లాం ధర్మం ఉదారమైనది. చచ్చిన గొర్రెను పారేయబోతుంటే, దాని తోలు ఊనుకుని వాడుకోరాదా అని ప్రవక్త అడిగారు. పంది తోలు తప్ప ఊనిన తోలు పాక్ అవుతుందని హనఫీలు ఆ హదీసు ఆధారంగానే చెబుతారు. ఊనడాన్ని దబాగత్ అంటారు. ఇతరులు అంటరానిదిగా చూసిన పనిని ముస్లింలు సంకోచం లేకుండా వ్యాపారంగా చేపట్టడంలో ఈ నిర్ణయం పాత్ర ఉందని నా నమ్మకం.

ఒకప్పుడు తంగేడు చెక్కతో, కరక్కాయలతో ఊనేవారు. 1970ల తరవాత క్రోమియం లవణాల వాడకం పెరిగింది. శుద్ధి చేయని వ్యర్థజలాలు పాలారులోకీ పొలాల్లోకీ వెళ్లాయి. వెల్లూరు పౌర సంక్షేమ సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 ఆగస్టు 28న వచ్చిన తీర్పు భారత పర్యావరణ చట్టంలో మైలురాయి. కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రం, ముందుజాగ్రత్త సూత్రం మన చట్టంలో భాగమని ఆ తీర్పే స్థిరపరిచింది. తోలు పరిశ్రమల ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతో పూర్తిగానో పనికిరాకుండా పోయిందన్న లెక్క అందులో ఉంది. దాదాపు ముప్పై ఏళ్ల తరవాత, 2025 జనవరి 30న, అదే నదీ ప్రాంతం గురించి, పరిహారం గురించి, నదిని బాగుచేయడం గురించి సుప్రీంకోర్టు మళ్లీ ఆదేశాలు ఇవ్వవలసి వచ్చింది.

తహారత్ అధ్యాయాన్ని అక్షరాలా చదివితే ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. నజాసత్ జాబితాలో క్రోమియం లేదు. ఉప్పులూ రసాయనాలూ కలిసిన నీళ్లను పాత లెక్క ప్రకారం మూత్రం కలిసిన నీళ్లతో సమానం చేయలేం. అయితే ధర్మశాస్త్రంలో జాబితాలతో పాటు సూత్రాలూ ఉన్నాయి. ఒకరికి హాని చేయడం, హానికి ప్రతిగా హాని చేయడం రెండూ కూడవన్న హదీసు మీద పండితులు న్యాయశాస్త్రంలో ఒక స్తంభమే నిలబెట్టారు. బావిని చెడగొట్టిన నీళ్లు నాపాకా కాదా అన్న చర్చకు పోకుండానే అలా చెడగొట్టడం నిషిద్ధం అవుతుంది. తోలును పాక్ చేసే క్రమంలో నదిని పాడుచేస్తే ఆ వ్యాపారి తహారత్ అధ్యాయంలో మొదటి పుట మాత్రమే చదివాడనుకోవాలి.

చెడిన నీళ్లు మళ్లీ పాక్ అవుతాయా అన్నదానికీ జవాబుంది. 1978లో సౌదీ అరేబియా అగ్ర పండితుల మండలి మురుగునీటి శుద్ధి మీద ఫత్వా ఇచ్చింది. ఇంజినీర్లను, రసాయన నిపుణులను విచారించాక, శుద్ధి చేసిన నీటిలో మలినం వల్ల వచ్చిన రంగు, రుచి, వాసన పూర్తిగా పోతే వజూకూ గుసుల్‌కూ వాడవచ్చని తేల్చింది. ఆరోగ్యానికి హాని ఉంటే మాత్రం ఆ కారణంగా వాడకూడదని చేర్చింది. హౌజ్ గట్టున పది మూరలు కొలిచిన పాత నియమమూ, శుద్ధి కేంద్రంలో యంత్రాలతో పరీక్షించే కొత్త పద్ధతీ ఈ ఫత్వాలో ఒకదాన్నొకటి తోసిపుచ్చుకోలేదు. వ్యర్థజలాల శుద్ధి కేంద్రాలకు చందా కట్టమంటే ఖర్చు అని సాగదీసే పరిశ్రమలకు, మసీదు వజూఖానాకు మీటరు బిగించమంటే అదంతా ఎందుకనే కమిటీలకు ఈ ఫత్వా తెలుగులో, ఉర్దూలో, తమిళంలో అచ్చువేసి పంచితే బాగుంటుంది. తెలుగే ఇంటిభాషగా ఉన్న దూదేకుల ముస్లింలు మన సీమలో చాలామంది ఉన్నారు. వాళ్లకు వజూ వరసలు చెప్పే చిన్న పుస్తకాలు దొరుకుతున్నాయి. నీళ్ల అధ్యాయం ఇంకా వాళ్ల చేతికి సరిగ్గా చేరలేదు.